ఆఫీసు సాఫ్ట్‌వేర్ పోర్టింగ్

ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన వర్డ్ ప్రాసెసర్, స్ప్రెడ్‌షీట్ వంటి ప్రోగ్రాములను మరో సిస్టమ్‌పై నడిచేలా మార్చడాన్ని పోర్టింగ్ అంటారు. లెక్కలు కట్టే, ఫైళ్లు చదివే భాగాలు చాలావరకు అలాగే పనికొస్తాయి. విండోలు, మెనూలు, ప్రింటింగ్, ఫాంట్లు మాత్రం ఆయా సిస్టమ్‌పై ఆధారపడతాయి కనుక వాటిని కొత్తగా అమర్చాలి.

ఉదాహరణ: సన్ మైక్రోసిస్టమ్స్ 2000లో సోర్సుకోడు విడుదల చేసిన ఓపెన్‌ఆఫీస్, మ్యాక్‌పై మొదట ఎక్స్11 అనే విండో వ్యవస్థ సాయంతోనే నడిచేది. 2008లో వచ్చిన 3.0 వెర్షన్‌తో ఆ అవసరం తొలగింది.

తెలుగు లిపి: కోనసీమలోని ‘కొత్తపేట’ పేరు యూనికోడ్‌లో ఎనిమిది సంకేతాలు: క, ొ, త, ్, త, ప, ే, ట. గుణింతాన్ని, ఒత్తును సరిగ్గా కూర్చి చూపడం టెక్స్ట్ లేఅవుట్ ఇంజిన్ పని. ఓపెన్‌ఆఫీస్ నుంచి 2010లో విడివడిన లిబ్రెఆఫీస్, 2017 నాటి 5.3 వెర్షన్‌లో అన్ని సిస్టమ్‌లకూ హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్‌ను చేపట్టింది.

ఫాంట్లు: విండోస్‌లో లభించే గౌతమి ఫాంటుతో అమలాపురంలో టైపు చేసిన పత్రాన్ని, ఆ ఫాంటు లేని లినక్స్‌లో తెరిస్తే మరో ఫాంటు వచ్చి చేరుతుంది. అక్షరాల వెడల్పు మారి పంక్తులు, పట్టికలు, పేజీల సంఖ్య తారుమారవుతాయి.

పాత ఫైళ్లు: యూనికోడేతరమైన ‘అను’ ఫాంట్లతో టైపు చేసినవి ఆ ఫాంటు లేనిచోట అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫ్ చూసుకోవాలి. ఫైళ్లలో మాక్రోలు (పనులను వాటంతటవే నడిపే చిన్న ప్రోగ్రాములు) ఉంటే వాటిని విడిగా పరీక్షించాలి.