పదకొండు నెలల కిరాయినామా వెనక కథ

పాతబస్తీలో లాల్ దర్వాజా, గౌలిపురా, శాలిబండ గల్లీల్లో ఎన్నో ఇళ్లకు పై పోర్షన్ కిరాయే ఆధారం. భర్త పోయిన ఆడవాళ్లకైతే అదే పెన్షన్. అయినా కిరాయి కాగితాలంటే మగవాళ్ల పని అనుకుంటాం. అడిగినచోట సంతకం పెట్టి ఊరుకుంటాం. అసలు ఈ కాగితాలు ఎక్కణ్నుంచి వచ్చాయో చూద్దాం.

మొదటిది ఇళ్ల కరువు నాటిది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్నాల్లో ఇళ్లు దొరక్క కిరాయిలు పెరిగాయి. హైదరాబాద్ రాష్ట్రం 1954లో ఇళ్ల కిరాయిలపై చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఇల్లు ఖాళీ అయితే యజమాని 10 రోజుల్లో సర్కారు అధికారికి రాసివ్వాలి. ఆ ఇల్లు సర్కారు అవసరానికి కావాలని 15 రోజుల్లో కబురు రాకపోతేనే మనకు నచ్చినవాళ్లకు ఇచ్చుకోవాలి. అడ్వాన్సు ఒక నెల కిరాయికి మించకూడదు. డబ్బు తీసుకుంటే, కిరాయిదారుకు రశీదు ఇవ్వాలి. న్యాయమైన కిరాయి తేల్చడానికి 1944 ఏప్రిల్ 5కు ముందు ఏడాదిలో ఆ వాడలో నడిచిన ధరలు చూడాలని అందులో రాశారు! ఆ చట్టం ముఖ్యంగా కిరాయిదారు కోసం పుట్టింది. 2005 సవరణతో నగరాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయి ఇళ్లు దాని పరిధి నుంచి తప్పుకున్నాయి. ఇప్పుడు ఆ ధరకు పోర్షన్ ఎక్కడ దొరుకుతుంది? అందుకే మన ఒప్పంద పత్రానికే విలువ పెరిగింది.

మరి ఆ పత్రంలో పదకొండు నెలలే ఎందుకు? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మన దగ్గర 1999 దాకా ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాల్సి ఉండేది. ఆ ఖర్చు, ఆఫీసు చుట్టూ తిరగడం తప్పించుకోవడానికే ఒక నెల తగ్గించారు. గడువు దాటినా పాత పత్రంతోనే నెట్టుకొస్తే, పేచీ వచ్చినప్పుడు చూపించడానికి గట్టి కాగితం ఉండదు.

మూడోది భయం తెచ్చిన కాగితం. 2007 మే 18న మక్కా మసీదులో, ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లలో, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. కొత్తగా దిగినవాళ్ల వివరాలు స్టేషన్‌లో ఇవ్వండని పోలీసులు గట్టిగా చెప్పడం మొదలైంది. హాక్ ఐ యాప్‌లో కూడా అందుకు వీలు పెట్టారు. వివరాలు ఇవ్వడం మన బాధ్యతే. కానీ పేరు విని, మతం అడిగి ఇల్లు లేదనడం వేరు. ఆ పని ఏ చట్టమూ మనకు అప్పగించలేదు.

ఇల్లు మీ పేరున ఉంటే కిరాయినామా కూడా మీ పేరునే రాయించండి. చదివి సంతకం పెట్టండి. రశీదు పుస్తకం, కిరాయిదారు గుర్తింపు కార్డు నకలు, స్టేషన్‌లో ఇచ్చిన వివరాల కాపీ ఒకే ఫైలులో పెట్టి మీ బీరువాలోనే ఉంచుకోండి. రేపు ఏ పేచీ వచ్చినా ముందు వెతుక్కునేది ఆ ఫైలునే.