కొవ్వు కణాలు

కొవ్వు కణాలు లేదా ఎడిపోసైట్లు శరీరములో కొవ్వును నిల్వచేసే ప్రత్యేక కణాలు. వీటి సముదాయాన్ని కొవ్వు కణజాలం అంటారు. ఇవి ముఖ్యంగా చర్మం క్రింద, ఉదరంలోని అవయవాల చుట్టూ, ఎముకల మజ్జలో ఉంటాయి. పాఠ్యపుస్తకాలలో చాలాకాలం వీటికి "శక్తి నిల్వ, చలి నుండి రక్షణ" అన్న ఒక్క వాక్యమే దక్కింది. నిజానికి ఇవి ఒకే రకం కావు, వీటి పని కూడా ఒక్కటి కాదు.

తెల్ల కొవ్వు కణాలు

మానవులలో అత్యధికం ఇవే. కణమంతటినీ ఒకే పెద్ద కొవ్వు బిందువు ఆక్రమించగా, కేంద్రకం అంచుకు నెట్టబడి ఉంటుంది. అందువలన సూక్ష్మదర్శినిలో ఇది రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తుంది. భోజనానంతరం ఇన్సులిన్ ప్రభావంతో ఈ కణాలు కొవ్వును ట్రైగ్లిజరైడ్ల రూపంలో దాచుకుంటాయి. ఉపవాస సమయంలో దానిని ఫాటీ ఆమ్లాలుగా, గ్లిజరాల్‌గా విడగొట్టి రక్తంలోకి వదులుతాయి. ఒక గ్రాము కొవ్వులో సుమారు 9 కిలోకాలరీల శక్తి ఉంటుంది. పిండిపదార్థంలో ఉండేది 4 మాత్రమే.

బరువు తగ్గితే ఈ కణాలు నశిస్తాయని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. అణ్వస్త్ర పరీక్షల వలన వాతావరణంలో పెరిగిన కార్బన్-14 ఆధారంగా స్వీడన్ పరిశోధకులు ఈ కణాల వయస్సును లెక్కగట్టి, 2008లో ఫలితాలను ప్రకటించారు. వాటి ప్రకారం పెద్దలలో ఏటా సుమారు పదోవంతు కణాలు చనిపోయి, అన్నే కొత్తవి పుడతాయి. బరువు బాగా తగ్గినవారిలో సైతం కణాలు చిన్నవయ్యాయే గాని సంఖ్య తగ్గలేదు.

గోధుమరంగు కణాలు

వీటిలో అనేక చిన్న కొవ్వు బిందువులు, లెక్కకు మించిన మైటోకాండ్రియాలు ఉంటాయి. మైటోకాండ్రియాలలోని ఇనుము వలననే ఆ రంగు వస్తుంది. యు.సి.పి.1 అనే ప్రోటీను సహాయంతో ఇవి కొవ్వును దహించి నేరుగా వేడిని పుట్టిస్తాయి. చలికి వణకడం ద్వారా వేడి పుట్టించుకోలేని నవజాత శిశువులకు ఇదే రక్ష. పెద్దలలోనూ ఇవి చురుకుగా పనిచేస్తాయని 2009లో రుజువైంది. తెల్ల కొవ్వు మధ్యనే ఉంటూ, చలి తగిలినపుడు వేడిని పుట్టించే లేత గోధుమరంగు కణాలు మరొక రకం.

హార్మోనుల ఉత్పత్తి

1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును కనుగొనడంతో కొవ్వు కణజాలం కూడా ఒక వినాళ గ్రంథి వంటిదేనని తేటతెల్లమైంది. శరీరంలో కొవ్వు నిల్వ ఎంత ఉన్నదో లెప్టిన్ మెదడుకు తెలుపుతుంది. స్థూలకాయులలో ఈ హార్మోను ఎక్కువగానే ఉన్నా మెదడు దానికి సరిగా స్పందించదు. ఎడిపోనెక్టిన్ అనే మరొక హార్మోను ఇన్సులిన్ పనికి తోడ్పడుతుంది.

కొవ్వు కణాలు మరీ తక్కువైతే

కొవ్వు కణాలను కేవలం శత్రువులుగా చూడటం పొరపాటు. లిపోడిస్ట్రొఫీ అనే అరుదైన వ్యాధిలో ఇవి దాదాపు ఉండవు. అయినా రోగికి తీవ్రమైన మధుమేహం వస్తుంది. దాచుకునే చోటు లేక కొవ్వు కాలేయంలోను, కండరాలలోను చేరి ఇన్సులిన్ పనిని దెబ్బతీయడమే అందుకు కారణం. ఉన్న కణాలు తమ శక్తికి మించి నిండినపుడు కూడా ఇదే జరుగుతుంది.

భారతీయుల విషయంలో ఇది గమనించదగినది. పూణేకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఛాయాచిత్రాన్నే ప్రచురించారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. కాని శరీరంలో కొవ్వు శాతం యుడ్కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2. ఈ తేడాను దృష్టిలో ఉంచుకొని భారతీయులకు అధిక బరువు హద్దును 25 నుండి 23కు తగ్గించారు.