ధాత కరువు నాటి పౌండు కూలి



మన పెద్దలు కరువులను ఇంగ్లీషు తేదీలతో గుర్తుపెట్టుకోలేదు. సంవత్సరం పేరుతోనే చెప్పుకునేవారు. గుంటూరు వైపు నందన కరువు అన్నారు, బళ్ళారి, కర్నూలు, కడప వైపు ధాత కరువు అన్నారు. తమిళ సీమలోనూ దాన్ని ధాతు వర్షపు పంజం అనే అంటారు. 1876లో మొదలై మరుసటి ఈశ్వర సంవత్సరం కూడా తినేసి 1878 దాకా సాగిన క్షామం అది. ఇప్పుడు మీరు సరిహద్దుకు ఏ వైపున ఉండి ఈ ప్రసంగం వింటున్నా, మీ ఊరికి దాని ఆనవాలు ఏదో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ.

1876లో నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ మొండిచేయి చూపాయి. బ్రిటిషు పాలనలోని ప్రాంతాల్లోనే యాభై లక్షలకు పైగా ప్రాణాలు పోయాయని ఆనాటి అధికారిక అంచనా. 1871 జనాభా లెక్కల్లో మైసూరు సంస్థానంలో 50 లక్షల 55 వేల మంది ఉన్నారు. 1881 నాటికి 41 లక్షల 86 వేలకు తగ్గారు. ఆ పదేళ్ళలో అనంతపురంతో కలిసి ఉన్న నాటి బళ్ళారి జిల్లాలో అయిదింట ఒక వంతు, కర్నూలు జిల్లాలో నాలుగింట ఒక వంతు జనం తగ్గిపోయారు. చచ్చిన పశువుల సంగతి చెప్పనక్కరలేదు.

వాన కురవకపోవడం ఎవరి చేతిలోనూ లేదు. కురవని ఏడాది ఏం చేయాలన్నది మాత్రం ప్రభుత్వం చేతిలో ఉంటుంది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఆ సంగతి. ఖజానాకు పొదుపు, సరుకుల ధరల్లో జోక్యం వద్దు, సాయం ఎక్కువ చేస్తే జనం సోమరులవుతారు అనే మూడు మాటలు పట్టుకుని నడిచిన ఒక పాలన పేదవాడి కూలినీ, జైలునీ, అడవినీ ఎలా మార్చిందో చూద్దాం.

1874లో ఇంగ్లండులో కన్సర్వేటివ్ పార్టీ అధికారానికి వచ్చింది. డిజ్రేలీ ప్రధానమంత్రి. ఆయన 1876లో లార్డ్ లిట్టన్‌ను వైస్రాయిగా పంపాడు. భారత వ్యవహారాల మంత్రి లార్డ్ సాలిస్బరీ. వ్యాపారంలో ప్రభుత్వం తలదూర్చరాదన్న నమ్మకం ఆ పార్టీ వారిదే కాదు, ప్రత్యర్థులైన లిబరల్స్‌దీ అదే. ఆ నమ్మకాన్ని ఆకలి చావుల ముందు కూడా సడలించకపోవడమే లిట్టన్ ప్రత్యేకత.

ఇది అనుభవం లేక జరిగిన పని కాదు. పదేళ్ళ ముందే, 1866లో, ఒడిశాలో ఇదే సూత్రం పాటించి బియ్యం సకాలంలో తెప్పించకపోతే పది లక్షల మంది దాకా చనిపోయారు. ఆ వేసవిలో కొత్తగా మంత్రి పదవిలోకి వచ్చినది ఈ సాలిస్బరీయే. అప్పుడు తాను వెంటనే కదలనందుకు ఆయన తరువాత బహిరంగంగానే పశ్చాత్తాపపడ్డాడు. 1873-74లో బీహారులో కరువు వస్తే సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి బర్మా నుంచి లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు. చావులు దాదాపు లేవు. ఖర్చు మాత్రం ఆరున్నర కోట్ల రూపాయలయింది. దానికి టెంపుల్‌ను మెచ్చుకోవలసింది పోయి దుబారా మనిషి అని పత్రికల్లో, పై అధికారుల్లో ఎగతాళి చేశారు. ఆ మచ్చ పోగొట్టుకోవాలని టెంపుల్ ఎదురుచూస్తున్న సమయంలో మనకు కరువు వచ్చింది. 1877 జనవరిలో మద్రాసు రాజధాని ఖర్చు అదుపు చేయమని ఆయననే పంపారు!

అదే జనవరి ఒకటో తేదీన విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు జరిగింది. మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ కరువు వదిలి అక్కడికి వెళ్ళవలసి వచ్చింది. ఈయన ప్రభుత్వం అప్పటికే ఒక వ్యాపార సంస్థ ద్వారా గుట్టుగా 30 వేల టన్నుల ధాన్యం కొనిపెట్టింది. వ్యాపారుల పనిలోకి వెళ్ళారని వైస్రాయి ప్రభుత్వం దాన్ని తప్పుపట్టింది.

ఇక కూలి సంగతి. కరువు పనుల్లో, అంటే రోడ్లకు కంకర కొట్టడం, చెరువులు తవ్వడం వంటి పనుల్లో, మగ మనిషికి రోజుకు ఒకటిన్నర పౌండ్ల ధాన్యం విలువ, దానిపై కొద్ది చిల్లర కలిపి కూలి కట్టేవారు. టెంపుల్ దాన్ని ఒక పౌండు ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. పౌండంటే సుమారు 450 గ్రాములు. ఆడవారికి, పిల్లలకు ఇంకా తక్కువ. దానితో పాటు దూరపు పరీక్ష ఒకటి పెట్టారు. ఇంటికి పది మైళ్ళ లోపు పని ఇవ్వకూడదని, నిజంగా ఆకలి ఉన్నవాడే అంత దూరం వస్తాడని లెక్క. నిజంగా ఆకలి ఉన్నవాడు పది మైళ్ళు నడవలేడన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

ఈ పౌండు కూలిని గట్టిగా ఎదిరించిన వాడు డాక్టర్ కార్నిష్. ఆయన మద్రాసు రాజధాని ఆరోగ్య శాఖాధిపతి, ప్రభుత్వోద్యోగి. పని చేసే మనిషికి ఒకటిన్నర పౌండ్ల ధాన్యం, పైన పప్పు, కూరగాయలు లేకుంటే ఒళ్ళు తన కండను తానే తిని పోతుందని శరీరశాస్త్రం ఆధారంగా రాశాడు. టెంపుల్, కార్నిష్ ఇద్దరి వాదాలూ అచ్చయ్యాయి. చదివితే ఒకటి ఖాతా పుస్తకంలా, ఒకటి ఆసుపత్రి పుస్తకంలా ఉంటుంది. ఒత్తిడి మీద 1877 వేసవిలో మద్రాసు ప్రభుత్వం కూలి కొంత పెంచింది. అప్పటికే శిబిరాల్లో కలరా, విరేచనాలు పట్టుకున్నాయి.

బొంబాయి దక్కను జిల్లాల్లో కూలీలు ఊరుకోలేదు. తగ్గించిన కూలికి పని చేయం అని వేల మంది కరువు పనులు వదిలి లేచిపోయారు. ఉపవాసంతో ఉన్నవాళ్ళు సమ్మె కట్టడం మామూలు విషయం కాదు. పూనా సార్వజనిక సభ వారి పక్షాన అర్జీలు రాసింది. జైల్లో ఖైదీకి పెట్టే తిండి కరువు పని చేసే కూలికి అందేదాని కన్నా ఎక్కువని అందులో ఎత్తిచూపింది.

గింజలు దేశంలో లేక ఇదంతా జరిగిందనుకుంటే పొరపాటు. మద్రాసు రైలు దారి కడప, గుత్తి, ఆదోని మీదుగా 1871లోనే రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. రైళ్ళ నిండా ధాన్యం వచ్చింది. స్టేషన్ల దగ్గర కొండల్లా బస్తాలు పడి ఉండేవి. అక్కడి నుంచి పల్లెకు మోయడానికి ఎడ్లు లేవు, కొనడానికి డబ్బు లేదు. పంట లేనప్పుడు కోత కూలీ లేదు, కలుపు కూలీ లేదు, గుడ్డ కొనేవాడు లేక మగ్గానికీ పని లేదు. 1880లో క్షామ విచారణ సంఘం కూడా చివరికి ఈ మాటే ఒప్పుకుంది. లోపించినది తిండి కన్నా ముందు పని, కూలి డబ్బు అని. ఈ సమయంలోనే భారతదేశం నుంచి గోధుమలు ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. ఎగుమతిని ఆపడం జోక్యమవుతుంది కదా మరి.

నేరాల వైపు చూద్దాం. 1876 శరదృతువు నుంచే కర్నూలు, కడప, బళ్ళారి ప్రాంతాల్లో సంతల మీద, ధాన్యపు కొట్ల మీద జనం పడ్డారు. చాలాచోట్ల మొదట దోచుకోలేదు. పాత ధరకు అమ్మమని అడిగారు, కోమట్లు ఒప్పుకోకపోతే కొట్టు పగలగొట్టారు. 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం అయిదుగురు గాని అంతకన్నా ఎక్కువ మంది గాని కలిసి దోచుకుంటే అది బందిపోటు దొంగతనం. ఆకలితో ఉన్న ఆరుగురు మాలపల్లె మనుషులు బెదిరించి ఒక బానెడు జొన్నలు ఎత్తుకుపోయినా పోలీసు రికార్డులో బందిపోట్లే. ఆ రెండేళ్ళ నేరాల పట్టికలు ఉబ్బిపోయాయి, జైళ్ళు నిండిపోయాయి. లోపలికి వచ్చేటప్పటికే ఎముకల గూడులా ఉన్న ఖైదీలు అక్కడ రాలిపోయారు. ఖజానా కరువు కూలిలో మిగుల్చుకున్నదాన్ని జైళ్ళకు, పోలీసులకు పెట్టిందన్న మాట. ఆ లెక్కలు వేర్వేరు పద్దుల్లో ఉంటాయి గనుక పొదుపు పొదుపుగానే కనిపించింది.

కరువు ఇంకా తీరలేదు, 1877 చివర మద్రాసు, బొంబాయి రాజధానుల్లో ఉప్పు పన్ను పెంచారు. మణుగుకు రూపాయి 13 అణాలు ఉన్నది రెండున్నర రూపాయలయింది. దేశమంతా పన్ను ఒకేలా ఉండాలని ఆర్థిక సభ్యుడు స్ట్రాచీ వాదన. ఇక మీదట కరువులు వస్తే పనికి వస్తుందని ఏడాదికి కోటిన్నర రూపాయల చొప్పున క్షామ నిధి ఏర్పాటు చేసి దానికోసం కొత్త పన్నులు కూడా వేశారు. ఏడాది తిరిగేసరికి ఆఫ్ఘన్ యుద్ధం ఖర్చు వచ్చి పడింది, 1879లో ఆ ఏర్పాటును పక్కన పెట్టారు. పన్నులు మాత్రం ఉండిపోయాయి.

ఈ క్షామం నేల మీద వదిలిన గుర్తులు ఇప్పటికీ చూడవచ్చు. మద్రాసు నగరంలో అడయారు నదిని కూవం నదితో కలిపిన కాలువ ముక్కను 1877-78లో కరువు కూలీలే తవ్వారు. అటు పైనా కిందా ఉన్న పాత కాలువలను కలిపి మొత్తానికి బకింగ్‌హామ్ కాలువ అని గవర్నరు పేరు పెట్టారు. తవ్విన వారి పేర్లు ఎక్కడా లేవు, అది వేరే సంగతి.

అడవి కథ ఇంకా పొడుగు. రైలు దారులకు కావలసిన స్లీపరు కర్ర, ఇంజన్లకు కట్టెలు అప్పటికే మన కొండలను పలచబరిచాయి. కరువు తరువాత అడవులను కాపాడాలన్న మాట బలపడింది. ఆ మాట మంచిదే. కాపాడిన పద్ధతి మాత్రం పాతదే, అంటే ఆదాయం చూసుకునే పద్ధతి. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చి, కొండలు, బంజర్లు రిజర్వు అడవులయ్యాయి. పశువులు చచ్చి, మిగిలిన ఒకటి రెండు పెయ్యలతో రైతు మళ్ళీ మంద పెంచుకోవాలనుకున్న సరిగ్గా ఆ సమయంలో మేతకు పుల్లరి కట్టమన్నారు. కరువులో ఆకూ అలమూ, దుంపలూ పెట్టి బతికించిన అడవిలో అడుగుపెడితే నేరమయింది. నలభై ఏళ్ళ తరువాత పల్నాడులో పుల్లరి కట్టనన్నందుకే కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు బలయ్యాడు.

ఈ కూలి, ఉప్పు, అడవి, నేరం అన్నీ వచ్చి ఒకే గుడిసె మీద పడిన చోటు చెప్పి ముగిస్తాను. ఎరుకలవారు ఒకప్పుడు కోస్తా ఉప్పును ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి జిల్లాలకు తెచ్చి, బదులుగా ధాన్యం తీసుకుపోయే సంచార వర్తకులు. అడవి వెదురుతో, ఈతాకుతో బుట్టలు, చాపలు అల్లేవారు. రైలు వచ్చి వారి బాటలను చాలావరకు ఎండగట్టింది. ధాత కరువులో ఎడ్లు పోయాయి. ఉప్పు పన్ను, ప్రభుత్వ ఉప్పు విధానం వ్యాపారాన్ని మింగాయి. అడవి చట్టం మేతనూ వెదురునూ లాగేసుకుంది. బతికే దారులు మూసుకుపోయాక, 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చి, వీళ్ళు పుట్టుకతోనే నేరస్థులని రాశారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చి సెటిల్‌మెంటు కట్టారు. అక్కడివారిని చీరాల పొగాకు కంపెనీలో చవక కూలికి పెట్టారు. షోలాపూరు సెటిల్‌మెంటులో ఉన్నవారు నూలు మిల్లులకు వెళ్ళేవారు. పొద్దుటా సాయంత్రం హాజరు వేయించుకోవాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు.

ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. ఎరుకలవారు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో షెడ్యూల్డు తెగ. సరిహద్దు దాటి కర్ణాటకలోకి వస్తే కొరచ, కొరమ పేర్లతో షెడ్యూల్డు కులం. షోలాపూరు వైపు వారి దగ్గరి బంధువులైన కైకాడీలు విముక్త జాతుల పట్టికలో ఉన్నారు. అటు ఇటు పిల్లనిచ్చుకునే ఇళ్ళలో పెళ్ళయ్యాక కుల ధ్రువీకరణ పత్రం కోసం ఏ తాలూకా కచేరీకి వెళ్ళాలన్న ప్రశ్న ఇంకా వస్తూనే ఉంటుంది.