విశాఖపట్నం సిపాయిల తిరుగుబాటు (1780)

విశాఖపట్నం సిపాయిల తిరుగుబాటు 1780 అక్టోబరు 3న ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యానికి చెందిన సిపాయిలు విశాఖపట్నంలో జరిపిన తిరుగుబాటు. రెండవ మైసూరు యుద్ధంలో పాల్గొనుటకు ఓడపై మద్రాసు వెళ్ళవలసిందన్న ఆజ్ఞను ధిక్కరించి, వారు తమ అధికారులపై కాల్పులు జరిపి, ఖజానాను దోచుకొని పట్టణం విడిచిపోయారు. ఇది 1806 నాటి వేలూరు తిరుగుబాటుకు 26 ఏళ్ళ ముందు, 1857 నాటి తిరుగుబాటుకు 77 ఏళ్ళ ముందు జరిగిన సంఘటన.

నేపథ్యం

మొగలు చక్రవర్తి షా ఆలం 1765లో ఇచ్చిన ఫర్మానా, 1766లో నిజాముతో కుదిరిన ఒప్పందం ద్వారా ఉత్తర సర్కారులపై కంపెనీకి అధికారం లభించింది. వీటిలో ఉత్తరాన ఉన్నది శ్రీకాకుళం సర్కారు. ఆంగ్లేయులు దీనిని చికాకోల్ అని వ్రాసేవారు. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలు ఇందులోనివే. విజయనగరం, పర్లాకిమిడి మొదలైన జమీందారీలనుండి పేష్కషు వసూలు చేయుటకు, కోటలను, ఠాణాలను కాపాడుటకు కంపెనీ ఇక్కడ సర్కారు పటాలాలను నెలకొల్పింది. ఇవి ప్రధానంగా స్థానిక అవసరాలకోసం ఏర్పడినవి. సిపాయిల కుటుంబాలు సాధారణంగా దండు సమీపంలోనే నివసించేవి.

యుద్ధ పరిస్థితి

1780 జూలైలో హైదరాలీ కర్ణాటక ప్రాంతంపై దండెత్తాడు. సెప్టెంబరు 10న కాంచీపురం సమీపంలోని పొల్లిలూరు వద్ద కల్నల్ బెయిలీ సైన్యం పూర్తిగా ఓడిపోయింది. మరొక సేనతో దగ్గరలోనే ఉన్న సర్ హెక్టర్ మన్రో మద్రాసుకు వెనుదిరిగాడు. మద్రాసు ప్రభుత్వం తన అధీనంలోని ఇతర ప్రాంతాలనుండి సైన్యాన్ని త్వరగా రప్పించవలసి వచ్చింది. భూమార్గాన ప్రయాణానికి చాలా కాలం పట్టే ఆ రోజుల్లో ఓడ ప్రయాణమే శీఘ్రమార్గం. అందుచేత సర్కారు పటాలాలలోని గ్రెనేడియర్ కంపెనీలను ఓడ ఎక్కమని ఆజ్ఞ జారీ అయింది.

తిరుగుబాటు

విశాఖపట్నంలో ఓడ ఎక్కవలసిన సమయంలో సిపాయిలు నిరాకరించారు. వీరికి షేక్ మహమ్మద్ అనే సుబేదారు నాయకత్వం వహించాడు. కొన్ని రచనలలో ఇతని పేరు షేక్ అహ్మద్ అని కనిపిస్తుంది. కాల్పులలో మరణించినవారిలో లెఫ్టినెంటు క్రిప్స్, క్యాడెట్ కింగ్స్‌ఫర్డ్ వెన్నర్, రాబర్ట్ రూథర్‌ఫర్డ్ ఉన్నారు. అప్పటి విశాఖపట్నం అధిపతి కాసామేజరు. సిపాయిలు కొందరు ఆంగ్లేయులను నిర్బంధించి, ఖజానాను కొల్లగొట్టి వెళ్ళిపోయారు. సుబేదారు తరువాత పట్టుబడి మరణశిక్షకు గురయ్యాడు.

కారణాలు

హిందువులకు సముద్రయానం నిషిద్ధమన్న ఆచారాన్ని ఇటువంటి నిరాకరణలకు కారణంగా చెప్పడం పరిపాటి. కానీ ఈ తిరుగుబాటు నాయకుడు ముస్లిము. కాబట్టి ఆచారమొక్కటే ఈ సంఘటనను వివరించలేదు. స్థానిక కొలువుకు చేరినవారిని, కుటుంబాలను విడిచి, దూరదేశంలో ఓటమి దిశగా సాగుతున్న యుద్ధానికి పంపడం ఇక్కడ ముఖ్యాంశం. కొలువు షరతులను ఏకపక్షంగా మార్చడం అన్యాయమని సిపాయిలు భావించడానికి అవకాశం ఉంది. సైనిక చట్టం దృష్టిలో మాత్రం ఆజ్ఞను ధిక్కరించడమే నేరం. దానికి హత్య, దోపిడీ తోడయ్యాయి.

ఇతర సంఘటనలతో పోలిక

బెంగాలు సిపాయిల విషయంలో కంపెనీ వేరొక మార్గం అనుసరించింది. 1781లో కల్నల్ పియర్స్ నాయకత్వంలోని సైన్యం ఓడ ఎక్కకుండా, మిడ్నపూరునుండి తూర్పుతీరం వెంబడి కాలినడకన ఉత్తర సర్కారుల మీదుగా మద్రాసు చేరింది. ఈ నడక కూడా సులభం కాలేదు. గంజాం వద్ద కలరా సోకి వందలమంది మరణించారు.

1824లో బర్మా యుద్ధానికి బయలుదేరవలసిన 47వ బెంగాలు పటాలం బారక్‌పూరులో సామాను మోసే ఎద్దులు, అదనపు భత్యం విషయమై మొండికేసింది. నవంబరు 2న ఫిరంగులతో దానిని అణచివేశారు. ఈ రెండు సందర్భాలలోనూ యుద్ధ సమయంలో దూరప్రాంతానికి తరలింపే తగాదాకు మూలం.

తదనంతర పరిణామాలు

1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజుపై పద్మనాభం వద్ద కంపెనీ పోరాడినప్పుడు కూడా దాని బలం సిపాయిలే. బయటి యుద్ధానికి వెళ్ళుటకు నిరాకరించిన సైన్యంపైనే ఈ ప్రాంతంలో కంపెనీ అధికారం ఆధారపడి ఉండేది. 1856లో చేసిన సాధారణ సేవా చట్టం ద్వారా బెంగాలు సైన్యంలో కొత్తగా చేరేవారంతా సముద్రాంతర సేవకు ముందుగానే అంగీకరించవలసి వచ్చింది. కొలువులో చేరేటప్పుడే షరతు స్పష్టం చేయాలన్న ఈ నియమం విశాఖపట్నం సంఘటన జరిగిన 76 ఏళ్ళకు వచ్చింది.