చీర మీద లేని అంకె

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో నేసిన పట్టుచీర నగరంలో షోరూం అద్దాల వెనక్కి చేరేసరికి దాని మీద దుకాణం పేరుంటుంది, ధర ఉంటుంది, పట్టు స్వచ్ఛమని చెప్పే గుర్తూ ఉండొచ్చు. నేసిన మనిషికి ఎంత ముట్టిందో మాత్రం ఉండదు. ఒక బ్రాండు నీతిని తూచాలంటే ఆ అంకె దగ్గరే మొదలుపెట్టాలి. ఇదేమీ కొత్త కొలత కాదు. బట్టను ధర్మంతో కొలవడం మన దేశంలో మొదలై నూరేళ్లు దాటింది.

1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమానికి పిలుపు ఇచ్చినప్పుడు అడిగిన ప్రశ్న ఒకటే: ఈ బట్ట ఎవరి దేశానిది? 1925లో అఖిల భారత చరఖా సంఘం పుట్టాక ప్రశ్న లోతుకు దిగింది. ఖద్దరు చవగ్గా దొరుకుతున్నదంటే వడికే ఆడవాళ్లకు దక్కేది మరీ తక్కువన్నమాట. గాంధీజీ దీన్ని సహించలేదు. ధర పెరిగితే అమ్మకాలు పడిపోతాయని కార్యకర్తలు భయపడినా, వడికేవారికి బతుకు గడిచే కూలి ఇవ్వాలని పట్టుబట్టారు. 1935లో సంఘం ఆ మేరకు తీర్మానం చేసింది. బట్ట ధరలోకి కూలిని నిజాయితీగా చేర్చిన ఆ తీర్మానాన్ని ఇవాళ్టి ఫ్యాషన్ సంస్థలు చదవాలి.

స్వాతంత్ర్యం తర్వాత చర్చ మగ్గం మీదికి మళ్లింది. చేతిమగ్గం డిజైనును పవర్‌లూమ్ గంటల్లో దించేస్తుంటే నేతగాడు నిలవలేకపోయాడు. కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. దాన్ని కోర్టులో సవాలు చేశారు; 1993లో సుప్రీంకోర్టు సమర్థించింది. మొదట 22 రకాలున్న జాబితా తర్వాత 11కు తగ్గింది.

ఆ తర్వాత గుర్తుల కాలం వచ్చింది. 2004లో సిల్క్ మార్క్, 2006లో హ్యాండ్లూమ్ మార్క్, 2015లో ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్. ఇవి కొనేవారికి మేలు చేశాయి. అయితే ఒక్కో గుర్తు తన ప్రశ్నకే జవాబు చెబుతుంది. సిల్క్ మార్క్ పట్టు దారం అసలుదని హామీ ఇస్తుంది. జరీలో వెండి ఎంతో చెప్పదు, నేత చేతిదో యంత్రానిదో చెప్పదు. వీటిలో ఏదీ చీర మీద కూలి అంకెను ముద్రించదు.

చీర వెనక ఎంతమంది ఉన్నారో తెలియాలంటే కుప్పం, పుంగనూరు వైపు మల్బరీ తోటల దాకా వెళ్లాలి. మెట్ట నేల, బోరు నీళ్లు. పట్టుగూళ్ల పంట నెల తిరక్కుండా చేతికొస్తుంది కాబట్టి చిన్న రైతుకు ఆసరా. ఆకు మీద మందు మిగిలితే దాన్ని తినే పట్టుపురుగు చస్తుంది గనక తోటకు విచ్చలవిడిగా మందు కొట్టలేడు. ఇది పట్టు సాగులోని పెద్ద సుగుణం. ఆ వెంటే ఒక బాధా ఉంది: గూళ్లను వేడికి కాచి లోపలి ప్యూపాను చంపితేనే పోగు తెగకుండా వస్తుంది. చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య 1990ల నుంచి ఈ బాధకు మందు వెతికారు. రెక్కల పురుగు గూడు చీల్చుకుని ఎగిరిపోయాక మిగిలిన పీచును వడికి అహింసా పట్టు నేయించారు. దాని ధర మామూలు పట్టుకంటే ఎక్కువ, కరుణకూ ఖర్చుంటుంది.

గూటి నుంచి తీసిన దారాన్ని సబ్బు, సోడా నీళ్లలో ఉడికించి జిగురు తీస్తారు, ఆపైన రంగులద్దుతారు. హాని చేసే కొన్ని అజో రంగులను మన దేశం 1997లో నిషేధించింది. నిషేధం కాగితం మీద ఉంటే చాలదు. అద్దకం నీళ్లు ఏ కాలువలో కలుస్తున్నాయో బ్రాండు చూపించగలగాలి.

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయాక, నా బట్టలు ఎవరు కుట్టారని లోకమంతా అడగడం మొదలుపెట్టింది. మన ఇళ్లలో మగ్గం కూలదు. దాని ముందు కూర్చున్న సంసారం నెమ్మదిగా కూలుతుంది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో మూడింట రెండు వంతుల చేనేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. ఆధారం లేకుండా తమ సరుకు పర్యావరణ హితమని బ్రాండ్లు ప్రకటించుకోవడాన్ని అడ్డుకోవడానికి 2024లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. మట్టి, నీళ్ల గురించి రుజువు అడుగుతున్నాం. కూలి గురించీ అడగాలి.

సావుకారు పడుగూ పేకా ఇస్తే వార్పు లెక్కన కూలికి నేసే మనిషికి తన చీర ఏ ఊళ్లో ఎంతకు అమ్ముడుపోయిందో తెలియదు. కొన్నవారికి అతని కూలి తెలియదు. ఈ రెండు అంకెలనూ చీర అంచున పక్కపక్కన అచ్చువేయడానికి సిద్ధపడిన బ్రాండునే నేను ధర్మమైనదంటాను. పట్టుచీర కొనబోయే ప్రతి ఇంటివారూ ధర అడిగిన నోటితోనే, ఇందులో నేతకూలి ఎంత అని అడగాలి. 1935లో ఖద్దరుకు వేసిన ప్రశ్న పట్టుకూ వర్తిస్తుంది.