బంగారక్క, ఎట్టా కాండీ

ఆత్మకూరులో చదువుకునే రోజుల్లో నన్ను "ఏందిమే బంగారక్కా" అని పిలిచేవాళ్ళు. లావుగా ఉండేదాన్ని. నోరూ పెద్దదే. ఉదయగిరి వైపు మా అమ్మమ్మ ఊళ్ళో తోలుబొమ్మలాట చూశాకగానీ ఆ పేరులోని ఎగతాళి నాకు అర్థం కాలేదు. తెరమీద సీత ఏడుస్తుంటే కునికిపాట్లు పడే జనం, బంగారక్క రాగానే లేచి కూర్చున్నారు. మొగుడు జుట్టుపోలిగాడు, మధ్యలో దూరే కేతిగాడు, తిట్లు, బూతులు, తన్నులు. నేను నవ్వలేకపోయాను.

చాలా ఏళ్ళకు అమెరికన్ కామిక్స్ చరిత్ర చదువుతుంటే ఇంకో బంగారక్క కనిపించింది. 1940లో బ్యాట్‌మన్ పక్కన రాబిన్ అనే పిల్లవాడు చేరాక, వీరుడికో తోడు ఉండటం ఆనవాయితీ అయింది. 1941లో పుట్టిన వండర్ ఉమన్‌కు తోడుగా దొరికింది మాత్రం ఎట్టా కాండీ. 1942 ఫిబ్రవరి 'సెన్సేషన్ కామిక్స్' రెండో సంచికలో వచ్చింది. పొట్టి, లావు, చేతిలో ఎప్పుడూ మిఠాయి, పేరులోనూ మిఠాయే. నవ్వించడానికే గీసిన బొమ్మ. కానీ అదే కథలో హాలిడే కాలేజీ అమ్మాయిల దండును వెంటేసుకుని శత్రువుల మీద పడేదీ ఆమే. తిండి తగ్గించమంటే ఎదురు జవాబు చెబుతుంది. ఆమెకు తన ఒళ్ళంటే సిగ్గు లేదు. అలాగని రచయిత విలియం మౌల్టన్ మార్‌స్టన్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నాయిక నడుము సన్నగానే ఉంచాడు, నవ్వులపాలయ్యే పని లావుపాటి పిల్లకే అప్పగించాడు. 1947లో ఆయన పోయాక ఎట్టా క్రమంగా వెనక్కి జరిగిపోయింది.

నన్ను పట్టి ఆపిన సంగతి వేరే ఉంది. 1944 నుంచి ఆ కథలు ఎన్నో రాసింది మార్‌స్టన్ విద్యార్థిని జాయ్ హమ్మెల్. అచ్చులో ఆమె పేరు లేదు. 2018లో, తొంభై దాటాక, బిల్ ఫింగర్ అవార్డు ఇచ్చారు.

తోలుబొమ్మలాటలో ఆడపాత్రలకు ఆడవాళ్ళే గొంతిస్తారు. ఆ రాత్రి తెర వెనక్కి వెళ్ళి తొంగిచూశాను. ఒకే మనిషి. ఒళ్ళో నిద్రపోయే బిడ్డ. సీత శోకం ఆమె నోటివెంటే, బంగారక్క తిట్లూ ఆమె నోటివెంటే. రాముణ్ణి సీత అనలేని మాటలు బంగారక్క జుట్టుపోలిగాణ్ణి అనేస్తోంది. తన్నులూ తింటోంది, కాబట్టి దాన్ని తిరుగుబాటు అని పొగడలేను.

ఆమె నన్ను చూసి, బంగారక్క గొంతు మార్చకుండానే, "ఏందిమే, నిద్ర రావటంలా?" అంది. అదీ ఆటలో మాటే అనుకుని అవతల జనం గొల్లున నవ్వారు.