మెట్టసీమ వారి జలపాత చిత్రములు

సాత్తూరు, కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతములు నల్లరేగడి సీమ. తమిళులు దీనిని కరిసల్ భూమి యందురు. వాననే నమ్ముకొని ప్రత్తి, జొన్న, సజ్జ, మిరప పండించుకొను మెట్టనేల యిది. సాత్తూరు నానుకొని పోవు వైప్పారు ఏడాదిలో పెక్కు నెలలు ఇసుకపాయగనే కనబడును. ఇట్టి సీమలో తరతరములుగ నిలిచియున్న మన తెలుగు కుటుంబములకు పడమటి కనుమల జలపాతములపై ఎంత మమకారము గలదో మనమెల్లర మెరుగుదుము. అయితే ఆ నీటిధారలను చూచి వచ్చుటయే కాక, చిత్రములుగ ఇంటికి దెచ్చుకొని గోడలకు తగిలించుకొన్న చరిత్రయు మనకు గలదు. ఆ చరిత్రను, అందు ఫిలిము కెమెరా వహించిన పాత్రను ఈ వ్యాసమున సంగ్రహముగ చెప్పదలచితిమి.

సాత్తూరునకు నైరుతి దిక్కున సుమారు నూరు కిలోమీటర్ల దూరమున కుట్రాలము గలదు. ఆంధ్రదేశమువారు దీనిని కుర్తాళ మందురు. మౌనస్వామి స్థాపించిన సిద్ధేశ్వరీ పీఠము మూలమున ఈ పేరు వారికి చిరపరిచితము. ఇచట చిట్టారు నది దాదాపు 60 మీటర్ల ఎత్తునుండి పేరరువిగ దుముకును. నడుమనున్న పొంగుమాకడల్ అను రాతితొట్టిలో పడి, పొంగి, మరల క్రిందికి జారును. కొండపైన శెన్బగాదేవి అరువి, తేనరువి. చుట్టుప్రక్కల ఐందరువి, పులియరువి, పాత కుట్రాలపు అరువి. నైరుతి ఋతుపవనము కనుమ దాటి చల్లు సన్నని తుంపరను అచటివారు సారల్ అందురు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు ఆ సారల్‌లో తడియుటకై మన ఊళ్ళనుండి బండ్లు కట్టుకొని పోయినవారును, బస్సులలో పోయినవారును లెక్కలేనంత మంది.

చిత్రమునకును కుట్రాలమునకును గల సంబంధము కెమెరాకంటె బహు ప్రాచీనము. నటరాజస్వామికి అయిదు సభలు ప్రసిద్ధములు. చిదంబరమున కనకసభ, మధురలో రజతసభ, తిరునెల్వేలిలో తామ్రసభ, తిరువాలంగాడున రత్నసభ, కుట్రాలమున చిత్రసభ. తక్కిన చోట్ల విగ్రహముగ వెలసిన స్వామి ఇచట గోడమీది వర్ణచిత్రముగనే పూజలందుకొనుచున్నాడు. ఈ క్షేత్రమును కీర్తించు కుట్రాల కురవంజిని రచించిన తిరికూడ రాసప్ప కవిరాయరునకు మధుర నాయక ప్రభువు విజయరంగ చొక్కనాథుడు భూమి నిచ్చెనని ప్రతీతి. 1706 మొదలు 1732 వరకు ఏలిన ఆ ప్రభువు తెలుగున వచన గ్రంథములు రచించినవాడు. తమిళకవి పాటను తెలుగు ప్రభువు ఆదరించిన ఈ నీటిగట్టు మనకు పరాయిది కాదు.

ఈ కనుమల జలపాతములను పాశ్చాత్యుల పద్ధతిలో చిత్రించినవారిలో థామస్ డేనియల్, విలియం డేనియల్ అను ఆంగ్లేయులు ముఖ్యులు. వారు 1792లో దక్షిణదేశ యాత్ర చేయుచు తామ్రపర్ణిమీది పాపనాశము జలపాతమును చూచి చిత్రించిరి. కామెరా అబ్‌స్క్యూరా అను చీకటిపెట్టెలో కటకము గుండ పడిన ప్రతిబింబమును కాగితముపై గీసికొనుట వారి అలవాటు. అనగా కెమెరా అప్పటికే యుండెను. బింబమును పట్టి నిలుపు రసాయనమే ఇంకను పుట్టియుండలేదు. అది 1839లో లోకమునకు వెల్లడియైనది. 1856లో చెన్నపట్టణ ప్రభుత్వము లిన్నెయస్ ట్రైప్ అను సైనికాధికారిని తన ఛాయాచిత్రకారునిగ నియమించెను. ఆయన 1858లో మధుర వచ్చి తిరుమల నాయకుని మహలును, గుడులను మైనపు కాగితపు నెగెటివులపై తీసెను. ఆ కాగితమునకు వెలుగును గ్రహించు శక్తి తక్కువ. మహలు స్తంభము ఎంతసేపైన కదలక నిలుచును గాని పారెడు నీరు నిలువదు గదా! దానిపై జలపాతము తీసినచో ధార యంతయు తెల్లని పొగగ మారును. ఆకాశములోని మబ్బులును అందు సరిగ పడకపోగా, ట్రైప్ నెగెటివుపై మబ్బులను చేతితో దిద్దెడివాడు.

తరువాత వచ్చిన గాజుపలకల పద్ధతి వేగమైనదే గాని శ్రమ మెండు. పలకకు కొల్లోడియను పూసి, అది తడిగ నుండగనే చిత్రము తీసి, అక్కడికక్కడ గుడారపు చీకటిలో కడుగవలెను. శామ్యూల్ బోర్న్ 1863 మొదలు 1866 వరకు హిమాలయములలో కొండలను, మంచునదులను తీయుటకై పదులకొలది కూలీలచే పెట్టెలు మోయించెను. 1871లో జెలటిన్ పలకలు, 1888లో చుట్టఫిలిముతో కోడక్ పెట్టె, 1901లో 120 ఫిలిము వచ్చిన తరువాత అడవిని తీయుట ఒక్క మనిషి భుజమున మోయదగిన పనియైనది.

మన దేశమున సామాన్య గృహస్థునకు ఈ విద్యను చేర్చినవానిలో బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ కెమెరా ఒకటి. ఒక చుట్టకు పండ్రెండే చిత్రములు. ఎండకు, మబ్బునకు రెండు గుర్తులు; షట్టరునకు మాత్రము ఒకటే వేగము, సెకనులో సుమారు 30వ వంతు. ఆ వేగమున నీరు బొట్టుబొట్టుగ నిలువదు, పట్టుచీరవలె జాలువారదు. రెంటికి నడుమ తెలిమంచు పొరగ పడును. పాత కుట్రాలపు చిత్రములలో పెద్దల ముఖములు స్పష్టముగను, వెనుక ధార మసకగను కనబడుటకు ఇదియే కారణము. ఖరీదైన రోలీఫ్లెక్సు వంటి కెమెరా గలవారు 250వ వంతు వేగమున బొట్లను నిలిపిరి. లేదా ముక్కాలి పీటపై కెమెరా నిలిపి, కటకపు ద్వారమును సన్నగించి, ఒక సెకను తెరచి ధారను పట్టుగ మార్చిరి. సెకను మించినచో ఫిలిము మందగించును గనుక, లెక్కకు వచ్చిన కాలముకంటె ఎక్కువసేపు తెరువవలసి వచ్చెడిది.

జలపాతము తీయుట ఒక పరీక్ష. నురుగు తెల్లన, తడిసిన రాయి నల్లన, చెట్లనీడ మరింత నల్లన. నురుగునకు తగిన వెలుగు లెక్కించిన అడవి మసియగును. అడవికి లెక్కించిన నురుగు సున్నమగును. అందుచే ఎరిగినవారు ఎండ కాయువేళను మాని, మబ్బు పట్టిన పూట నెంచుకొనెడివారు. కుట్రాలము కనుమలకు తూర్పువాలున నున్నది. ప్రొద్దున నేరుగ ఎండ తగులును. ప్రొద్దు వాలినకొలది కొండనీడ కమ్మును. సారల్ తుంపర కటకముపై పడినచో చిత్రమంతయు మాసిపోవును గనుక ఒకరు గొడుగు పట్టవలెను, ఒకరు మెత్తని గుడ్డతో తుడువవలెను. పండ్రెండు చిత్రములలో రెండు కుదిరిన అదృష్టమే.

అసలు కష్టము ఇంటికి వచ్చిన తరువాత మొదలగును. ఫిలిము కడుగు మందునకు 20 డిగ్రీల చల్లదనము తగినది. మన సీమలో వేసవి నీరే 30 డిగ్రీలు దాటును. ఆ వేడికి ఫిలిముపై జెలటిన్ మెత్తబడి, ముడుతలు పడి, ఊడివచ్చును. కావున రాత్రి పొద్దుపోయినపిదప, మంచుగడ్డ పెట్టిన తొట్టిలో పని సాగవలెను. పిమ్మట హైపోలో స్థిరపరచిన చిత్రమునుండి ఆ హైపోను పూర్తిగ కడిగివేయవలెను. మందపు కాగితపు ప్రతికి సుమారు గంటసేపు పారెడు నీరు కావలెను. త్రాగునీటికే బిందెలు వరుస కట్టు ఊరిలో గంటసేపు పారెడు నీ రెక్కడిది? పళ్ళెములో నీరు మార్చి మార్చి జాడించుటయే గతి. కడుగుడు చాలని ప్రతిలో మిగిలిన హైపోలోని గంధకము వెండితో కలిసి, ఏండ్లు గడచినకొలది చిత్రమును పసుపుగను గోధుమవన్నెగను మార్చివేయును. కుర్తాళపు ధారను కాగితముపై నిలుపుటకు ఎండుసీమ నీరు ఎంతో వెచ్చింపవలసి వచ్చెను. వెచ్చింపలేని చోట ఆ ధార వెలిసిపోయెను.

కుట్రాలమునకు పోలేనివారి ఇంటికిని జలపాతము వేరొక త్రోవను వచ్చినది. చెన్నపట్టణమున 1898లో జన్మించిన సి. కొండయ్య రాజు నాటక సమాజమునకు తెరలు చిత్రించుచు వచ్చి, 1940ల దశాబ్దమున కోవిల్‌పట్టిలో స్థిరపడి, 1976లో కన్నుమూసెను. ఆయనయు శిష్యులును వ్రాసిన దేవతాచిత్రములు శివకాశి ముద్రణాలయములలో కేలండరులై దేశమెల్లెడల వ్యాపించెను. అగ్గిపెట్టెల పరిశ్రమను వెన్నంటి పెరిగిన అచ్చుపని యది. ఆ కేలండరు చిత్రకళలో దేవతల వెనుక కొండలు, కొలనులు, జలధారలు కనబడుట పరిపాటి. స్టూడియోలలోను జలపాతము వ్రాసిన తెర ముందర కూర్చుండబెట్టి కుటుంబచిత్రములు తీయుట వాడుకయైనది. తెరమీది నీటిముందు కూర్చున్న తాతగారిని చూచి నవ్వనక్కరలేదు. వారి కోరిక తెరదే యైనను, ముఖము నిజమైనది.

అడవిని అడవిగ తీయుట మరియొక విద్య. తిరునెల్వేలిలో 1912లో జన్మించి 1996లో గతించిన ఎం. కృష్ణన్ ఇందు మనకు సమీపమున దొరకు ఉదాహరణము. ఆయన పలు భాగములు కూర్చి తానే కట్టుకొన్న కెమెరాకు సూపర్ పాండరోసా యని పేరు పెట్టి, నలుపు తెలుపు ఫిలిముపై ఏనుగులను, ఇతర మృగములను తీసెను. మృగమును, చెట్టును, నేలను ముందు చదివి, పిదప కెమెరా నెత్తుట ఆయన మార్గము. అందుచే ఆయన చిత్రములు అందమునకే కాక సాక్ష్యమునకును పనికివచ్చును. ఇట్టి సాక్ష్యపు విలువ పాపనాశము వద్ద స్పష్టముగ తెలియును. 1940ల దశాబ్దమున జలవిద్యుత్తుకై తామ్రపర్ణికి ఆనకట్ట కట్టినపిదప ఆ నీటి పోకడ మారినది. థామస్, విలియం డేనియల్‌లు చూచిన ధార ఎట్టిదో చిత్రమువలననే తెలియవలసి యున్నది. శ్రీవిల్లిపుత్తూరు అడవులు 1988లో బూడిదవన్నె ఉడుత అభయారణ్యముగను, 2021లో మేగమలతో కూడి పులుల సంరక్షణస్థానముగను ప్రకటింపబడెను. అంతకు పూర్వము ఆ వాగులు, చెట్లు ఎట్లుండెనో వనభోజనముల నాటి మన పాత నెగెటివులలో కొంతైన దొరకవచ్చును.

1960లో ఊటీలో స్థాపితమై, ఇందు అను పేర ఫిలిము చేసిన హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్స్ కర్మాగారము ఈ శతాబ్దపు రెండవ దశాబ్దమున మూతపడినది. ఫిలిము నేడు చాలవరకు వేడుకకు వాడువారి చేతిలో నున్నది. దానికి విచారింప పనిలేదు; కాలము మారును. విచారింపవలసినది పెట్టెలలో నశించు నెగెటివులను గూర్చి. అసిటేటు ఫిలిము వేడికిని తేమకును చెడి పుల్లని వాసన కొట్టును, ముడుచుకొనును. ఒకటి చెడినచో దాని ఆవిరి ప్రక్కవానిని చెరచును. వాసన వచ్చినదానిని వేరుచేయుడు. తక్కినవానిని ప్లాస్టిక్ సంచులలో గాక శుభ్రమైన కాగితపు కవరులలో, పొడిగ చల్లగ నుండు చోట నుంచుడు. అంచులనే పట్టుకొనుడు. వెలుగునకెదురుగ నిలిపి మొబైలు ఫోనుతో తీసిన ప్రతియైనను, ఏ ప్రతియు లేకుండుటకంటె మేలు.

ఈ మాట ఇంత గట్టిగ చెప్పుటకు మనకు ప్రత్యేక కారణము గలదు. మన ఇండ్లలో తెలుగు మాట నిలిచినది. పెక్కు ఇండ్లలో తెలుగు వ్రాత నిలువలేదు. వలస కథలు, ఊళ్ళ పేర్లు, చుట్టరికములు నోటనే యున్నవి. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసేవలులో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ (1923–2021) ఆ నోటికథలను గోపల్ల గ్రామము (1976) అను తమిళ నవలగ నిలిపెను. కథ వ్రాయుట అందరికిని చేతనగునది కాదు. చిత్రము వెనుక పెన్సిలుతో నాలుగు ముక్కలు వ్రాయుట ఎవరికైనను సాధ్యమే. ఎవరు, ఏ ఊరివారు, ఏ అరువి, ఏ సంవత్సరము, తీసినదెవరు అను నీ అయిదును చాలును. తెలుగు లిపి వచ్చినవారు తెలుగున, రానివారు తమిళలిపిలో మన మాటనే వ్రాయుడు.

ఆ ముఖములను గుర్తుపట్టగల పెద్దలు ప్రతి ఇంటను ఒకరిద్దరే మిగిలియున్నారు. రాబోవు సారల్ కాలమునకు ముందే పెట్టెలు దించి, వారి ప్రక్కన కూర్చుండి, పేర్లు అడిగి వ్రాసికొనవలెనని మా మనవి. ప్రతులు తీయుపనిని సంఘము తరఫున ఊరూర యువకులు పూనుకొన్నచో, వెలిసిన ఆ నీటిధారలతోపాటు వాని ముందు నిలిచిన మనవారును రేపటి పిల్లలకు మిగులుదురు.